జీసీఎస్ 15 వస్తే పూర్తిగా కోలుకున్నట్టేనా?

"ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన మా అన్నయ్యకు జీసీఎస్ 15 అన్నారు. ఇక మామూలు మనిషి అయినట్టేనా?" అన్నది మీ ప్రశ్న.

అలా అనుకోవడానికి లేదు. జీసీఎస్ అంటే గ్లాస్గో కోమా స్కేలు. 15 అనేది అందులో గరిష్ఠ మార్కు. కళ్లు తెరవడం, మాట, కదలిక చూసి స్పృహ ఏ మేరకు ఉందో చెబుతుంది, అంతే. జీవితం ఎంతవరకు తిరిగొచ్చిందో కొలిచేది గ్లాస్గో అవుట్‌కమ్ స్కేలు. న్యూరోసర్జన్ జెన్నెట్, మానసిక వైద్యుడు బాండ్ 1975లో దాన్ని ఐదు మెట్లతో ప్రతిపాదించారు. ఆ తర్వాత వచ్చిన విస్తృత రూపంలో మెట్లు ఎనిమిది: 1 అంటే మరణం, 8 అంటే దాదాపు పూర్వస్థితి.

దీని బలమంతా ప్రశ్నల్లోనే ఉంది. పగలు ఎనిమిది గంటలు ఇంట్లో ఒంటరిగా ఉండగలరా? కొట్టుకు వెళ్లి, డబ్బు సరిగ్గా ఇచ్చి, సరుకులు తేగలరా? తోడు లేకుండా ఊళ్లో తిరిగి రాగలరా? పాత ఉద్యోగం చేయగలుగుతున్నారా? చిరాకు వల్ల ఇంట్లో గొడవలు పెరిగాయా? చక్కగా నడుస్తూ, నవ్వుతూ మాట్లాడే మనిషి కూడా కొట్టు దగ్గరే తడబడవచ్చు. అప్పుడు మెట్టు దిగినట్టే.

జవాబులను గాయానికి ముందున్న స్థితితో పోల్చి చూస్తారు. రోగి తన లోపాన్ని తానే గుర్తించకపోవచ్చు కాబట్టి ఇంట్లోవాళ్లనూ అడుగుతారు. తరచుగా ఆరు నెలలకు కొలుస్తారు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల సూక్ష్మ లోపాలు మాత్రం ఈ స్కేలుకు అందవు. వాటికి న్యూరోసైకాలజీ పరీక్షలు విడిగా చేయించాలి.