ఆర్కే బీచ్‌లో తీసిన షాట్‌లో తాడు, లైట్ స్టాండు కనిపిస్తున్నాయి. ఎలా తీసేయాలి?

కుర్రాడు గాల్లోకి ఎగిరే షాట్‌లో నడుముకు కట్టిన తాడు, పక్కన స్టాండు రెండూ పడ్డాయన్నారు. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

స్టాండు సులువు. కెమెరా కదలకపోతే ఖాళీ ఫ్రేములోంచి (కుర్రాడు, స్టాండు లేకుండా తీసిన అదే దృశ్యం) ఆ ముక్క తెచ్చి, మాస్క్ (ముక్క చుట్టూ గీసిన హద్దు) అంచులు మెత్తబరిచి అతికించండి. కదిలితే ముందు ట్రాకింగ్, అంటే కెమెరా కదలికను సాఫ్ట్‌వేర్‌తో పట్టుకోవడం, చేయాలి. మోకా ప్రో సాఫ్ట్‌వేర్‌లో రిమూవ్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో 2019లో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్ అనే టూల్స్ వేరే ఫ్రేముల్లోంచి బ్యాక్‌గ్రౌండ్ వెతికి నింపుతాయి. షాట్ మొత్తం స్టాండు వెనక చోటు కనిపించకపోతే మాత్రం అవి ఊహించి నింపాల్సిందే.

అసలు తలనొప్పి తాడుతోనే. ఆకాశం మీద ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. అలల మీదికి రాగానే స్టిల్ ముక్క అతికిస్తే చుట్టూ నీళ్లు కదులుతుంటే అది గడ్డకట్టినట్టు కనిపిస్తుంది. అందుకే అదే వీడియోలో, అదే ఎత్తులో, తాడుకు కాస్త పక్కనున్న కదిలే నీటినే జరిపి కప్పాలి. చొక్కా మీదుగా వెళ్లే భాగాన్ని ఫ్రేము తర్వాత ఫ్రేము పెయింట్ చేయాలి. 25 ఫ్రేముల లెక్కన నాలుగు సెకన్లంటే 100 ఫ్రేములు, ఓపిక ఉండాలి. చివర్లో సరిచేసిన చోట్ల గ్రెయిన్ (వీడియోలో ఉండే సన్నని చుక్కలు) కలపండి, మిగతా షాట్‌లో కలిసిపోతాయి.

ఇసుక మీద నీడ మర్చిపోకండి. నేనోసారి తాడు శుభ్రంగా తీసేసి దాని నీడ వదిలేశాను!

ఈసారి ప్యాకప్‌కు ముందే ఖాళీ ఫ్రేము పది సెకన్లు తీసుకోండి. ఆలస్యం చేయకండి, విశాఖలో సాయంత్రం సూర్యుడు ఊరి వైపు దిగుతాడు, బిల్డింగుల నీడలు ఇసుక మీదికి గబగబా వచ్చేస్తాయి.