కుండీ కొనే ముందు ఎండ లెక్క చూసుకోండి

ప్రశ్న: మా బాల్కనీ తొమ్మిది అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు. పొద్దున నాలుగు గంటలే ఎండ పడుతుంది. పోయిన ఏడాది పెద్ద కాయల టమాటా మొక్కలు రెండు పెట్టాను. పైకప్పును తాకాయి గానీ రెండింటికీ కలిపి పదకొండు కాయలే కాశాయి. ఎరువు చాలలేదా? ఈసారి ఏ రకం వేయమంటారు?

జవాబు: ఎరువు జోలికి పోకండి. ఆకు పచ్చగా, ఏపుగా ఉండి కాయ లేదంటే ఎరువు చాలలేదని కాదు, ఎండ చాలలేదని. పైగా మీరు పెట్టింది తీగ రకం.

టమాటాలో రెండు తీరులున్నాయి. తీగ రకానికి కొన ఎప్పటికీ ఆగదు. ఆరేడు అడుగులు సునాయాసంగా దాటేస్తుంది, బతికున్నన్నాళ్లూ పైపైకి పోతూ కాస్తూనే ఉంటుంది. పొద రకం అలా కాదు. కొన్ని గెలలు వేశాక కొన కూడా పూగుత్తిగా మారిపోయి, మూడు నాలుగు అడుగుల దగ్గర ఎదుగుదల నిలిచిపోతుంది. 1914లో ఫ్లోరిడాలో ఇలాంటి మొక్క ఒకటి దానంతటదే పుట్టింది. ఇవాళ మనం పెంచే పొద టమాటాల గుణం దాని నుంచి వచ్చిందే. విత్తనాల ప్యాకెట్ మీద 'డిటర్మినేట్' అని ఉంటే పొద, 'ఇన్‌డిటర్మినేట్' అని ఉంటే తీగ. ముందు ఆ మాట వెతకండి, బొమ్మ తర్వాత చూడొచ్చు.

నేను బొమ్మ చూసి మోసపోయినవాణ్ణే. సన్‌గోల్డ్ అని నారింజరంగు చిన్న కాయల రకం ఒకటుంది, రుచికి దానికి సాటి లేదు. తీగ రకమని చూసుకోకుండా పది లీటర్ల బకెట్‌లో పెట్టాను. ఎండలు ముదిరాక రోజుకు రెండుసార్లు నీళ్లు పోసినా వాలిపోయేది. ఒక పూట మరిచిపోయి, మర్నాడు ఆ తప్పు దిద్దుకుందామని దండిగా పోస్తే పండిన కాయలన్నీ పగిలాయి. తీగ రకానికి ఇరవై లీటర్లకు తక్కువ కుండీ వద్దే వద్దు.

ఇక మీ నాలుగు గంటల ఎండ. పెద్ద కాయ నిండాలంటే ఆకులు వారాల తరబడి చక్కెర తయారుచేసి పంపాలి. నాలుగు గంటల ఎండతో అది కష్టం. గోళీకాయంత ఉండే చెర్రీ రకాలు తక్కువతో సరిపెట్టుకుంటాయి. వాటిలోనూ పొదగా ఉండేవే తీసుకోండి. టైనీ టిమ్ అడుగు, అడుగున్నరకు మించదు, ఐదు లీటర్ల కుండీలో ఇమిడిపోతుంది. గోడకు వేలాడదీసే బుట్ట ఉంటే టంబ్లింగ్ టామ్ అందులోంచి కిందికి జారుతూ కాస్తుంది. మైక్రో టామ్ అయితే జానెడు కూడా ఉండదు, కిటికీ గట్టు మీద పెట్టుకోవచ్చు. రుచి అంతంతమాత్రమే, ముచ్చటకు పెంచుకోవాలి. ఏది వేసినా ఆరు గంటల ఎండలో కాసినన్ని కాయవు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే టెన్షన్ ఉండదు.

ఒక సెలవు రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటగంటకూ ఎండ ఎక్కడ పడుతోందో రాసుకోండి. నేల మీద ఒకసారి, పిట్టగోడ ఎత్తులో ఒకసారి చూడాలి. గోడ నీడ వల్ల నేల మీది కుండీకి ఎండ తగ్గిపోతుంది, అదే కుండీని స్టూలు ఎక్కిస్తే ఒక్కోసారి గంట ఎండ కలిసొస్తుంది. కాలం మారితే సూర్యుడి దారీ మారుతుంది కాబట్టి ఎండాకాలం లెక్క చలికాలానికి పనికిరాదు.

ఇంకో మాట. ప్యాకెట్ మీద '60 రోజులు' అని ఉంటే, టమాటా విషయంలో అది సాధారణంగా నారు నాటిన రోజు నుంచి లెక్క. విత్తనం వేసి నారు పెంచే ఐదారు వారాలు దానికి కలుపుకోండి. ఈ తలనొప్పంతా ఎందుకు అనిపిస్తే పుదీనా, పాలకూర వేసుకోండి. నాలుగు గంటల ఎండ వాటికి ధారాళంగా సరిపోతుంది.

ప్రశ్న: మా చామంతి మూడేళ్లుగా పూయడం లేదు. మొక్క బలంగానే ఉంది, ఎండా బాగానే పడుతుంది. ఎదురుగా వీధి దీపం ఉంది, రాత్రంతా వెలుతురు. దానివల్ల ఏమైనా ఇబ్బందా?

జవాబు: దోషిని మీరే పట్టేసుకున్నారు. చామంతి పగటిని కాదు, రాత్రిని లెక్కపెడుతుంది. రాత్రులు పొడవైతేనే మొగ్గ తొడుగుతుంది. మీ వీధి దీపం వల్ల దానికి మూడేళ్లుగా రాత్రే పడలేదు.

ఈ గుట్టు బయటపడింది పొగాకు మొక్కతో. మేరీలాండ్ మామత్ అనే రకం వేసవిలో పొలంలో ఎంత ఎత్తు పెరిగినా పూసేది కాదు, చలికాలం గాజు గదిలో పెడితే పూసేది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు దీని వెంటపడి, పగలు రాత్రుల నిడివే కారణమని 1920లో ప్రకటించారు.

కుండీని దీపం కనపడని వైపుకు జరపగలిగితే అంతకన్నా సుఖం లేదు. కుదరకపోతే సాయంత్రం ఆరింటికి నల్లగుడ్డో అట్టపెట్టో కప్పి, పొద్దున ఎనిమిదింటికి తీయండి. మొగ్గకు రంగు తిరిగే దాకా ఒక్కరోజు కూడా తప్పకూడదు. రకాన్ని బట్టి పూతకు ఏడెనిమిది వారాల నుంచి పన్నెండు వారాల దాకా పడుతుంది. ఇంత ఓపిక నాకైతే లేదు, రెండో వారానికే మానేశాను. ఆ మూలన ఇప్పుడు గులాబీ ఉంది. పదేపదే పూసే రకాలకు రాత్రి లెక్కలతో పనిలేదు, మీకు ఎండ బాగానే ఉందంటున్నారు కాబట్టి పూస్తాయి.

ప్రశ్న: పావురాల బాధకు బాల్కనీ అంతా సన్న వల కట్టించాం. దోస తీగ బోలెడు పూలు పూసింది, ఒక్క పిందె నిలవలేదు. రకం మార్చాలా?

జవాబు: వల పావురాలతో పాటు తేనెటీగలనూ ఆపేసింది. వచ్చేసారి ప్యాకెట్ మీద 'పార్థెనోకార్పిక్' అని ఉన్న కీరా రకం కొనండి. పుప్పొడి అందకపోయినా కాయ పడుతుంది, గింజలూ ఉండవు. ఇప్పుడున్న తీగకైతే తేనెటీగ పని మీరే చేయాలి. పువ్వు కింద వేలెడు పిందె ఉంటే అది ఆడపువ్వు, ఉత్త కాడే ఉంటే మగపువ్వు. మగపువ్వును తుంచి, రేకులు తీసేసి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు నడిమికి మెల్లగా అద్దండి. పొద్దున్నే చేయాలి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆపాటికి పువ్వు ముడుచుకుపోయి ఉంటుంది.