నెలసరి క్రమంగా రానివారు గర్భ పరీక్ష ఎప్పుడు చేసుకోవాలి?

నెలసరి తేదీకి నాలుగు రోజుల ముందే కిట్‌తో చూసుకుంటే ఒక్క గీతే వచ్చిందనీ, మీకు నెలసరి ఒకసారి 30 రోజులకు, మరోసారి 40 రోజులకు వస్తుందనీ రాశారు. ఆ ఒక్క గీత చూసి ఈ నెల ఆశ వదులుకోకండి. అంత ముందుగా చేసిన పరీక్షలో గర్భం లేదని వస్తే దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

నాకు పీసీఓడీ ఉంది, అంటే అండాశయాల్లో సమస్య వల్ల నెలసరి క్రమం తప్పడం. పెళ్లైన కొత్తలో ప్రతి నెలా ఇంట్లో ఎవరో ఒకరు “ఏమైనా విశేషమా?” అని అడిగేవారు. ఆ ప్రశ్న మనసులో ఎంత తొందర పెడుతుందో నాకు బాగా తెలుసు. నా తొందర చూసి మా డాక్టరమ్మ చెప్పిన లెక్కే మీకూ చెబుతున్నాను.

కిట్ పట్టేది మూత్రంలోని హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను. పిండం గర్భాశయం గోడకు అతుక్కున్న తర్వాతే అది ఒంట్లో పెరగడం మొదలవుతుంది. అండం విడుదలయ్యాక అలా అతుక్కోవడానికి 6 నుంచి 12 రోజులు పడుతుంది. ఆ తర్వాత మొదటి వారాల్లో హార్మోన్ దాదాపు రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. అందుకే ఇవాళ గీత పడకపోయినా మూడు నాలుగు రోజుల తర్వాత పడవచ్చు.

నెలసరి క్రమంగా వచ్చేవారు తేదీ దాటిన రోజు నుంచి చూసుకోవచ్చు, వారం ఆగితే ఇంకా నమ్మకం. మన సంగతి వేరు. 40 రోజులకు నెలసరి వచ్చే నెలలో అండం సుమారు 26వ రోజున విడుదలవుతుంది. 30 రోజులు దాటాయని కంగారుపడే సమయానికి పిండం ఇంకా అతుక్కుని ఉండకపోవచ్చు. కాబట్టి క్యాలెండర్‌లో నెలసరి తేదీని పక్కనపెట్టి, చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టండి. నేను ఈ పద్ధతే పాటించాను. రెండో గీత బాగా లేతగా వచ్చింది. లేతదైనా, చెప్పిన సమయంలోపు రంగుతో కనిపిస్తే అది గీతే. రెండు రోజులు ఆగి మళ్లీ చూస్తే ముదురుగా కనిపించింది.

ఉదయం లేవగానే వచ్చే మూత్రం మంచిది, రాత్రంతా నిలవ ఉండి చిక్కగా ఉంటుంది. పరీక్షకు ముందు చెంబెడు నీళ్లు తాగకండి. ఎన్ని చుక్కలు వేయాలో, ఎన్ని నిమిషాలకు చూడాలో పెట్టె మీద ఉన్నట్లే చేయండి. మామూలుగా ఐదు నిమిషాల దగ్గర చూడమంటారు. గంట తర్వాత కనిపించే బూడిదరంగు గీతను నమ్మవద్దు. కిట్ మీద ‘సి’ అక్షరం దగ్గర ఎప్పుడూ రావాల్సిన గీతే రాకపోతే ఆ కిట్ పనిచేయనట్లే. కొనడం ఇబ్బందైతే ఆశా కార్యకర్తను అడగండి, నిశ్చయ్ అనే ప్రభుత్వ గర్భ పరీక్ష కిట్ ఉచితంగా ఇస్తారు.

పిల్లల కోసం చికిత్సలో హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకుని ఉంటే మాత్రం రెండు వారాల వరకు ఆ మందు వల్లే రెండు గీతలు రావచ్చు. ఎప్పుడు చూసుకోవాలో మీ డాక్టర్‌నే అడగండి.

21 రోజుల తర్వాత ఒక్క గీతే వచ్చి, మరో వారానికీ నెలసరి రాకపోతే రక్తంలో బీటా హెచ్‌సీజీ పరీక్ష చేయించుకోండి. అది తేలేదాకా నెలసరి రావడానికంటూ మందుల షాపులో మాత్రలు కొని వేసుకోకండి. పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే గీతల సంగతి చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. గర్భం గర్భాశయంలో కాకుండా అండం వచ్చే ట్యూబులో నిలిచినప్పుడూ ఇలాగే ఉంటుంది, అందులో ఆలస్యం ప్రాణానికే ప్రమాదం.