మూసీ నోట్సు ఏ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవాలి?

ప్రశ్న: నేను రిటైర్డ్ సోషల్ టీచర్ని, ఉండేది నల్లకుంట. ఇరవై ఏళ్లుగా మూసీ గురించి, సిటీ చెరువుల గురించి దొరికిందల్లా పోగేస్తున్నా. పేపర్ కటింగుల ఫోటోలు, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, అను ఫాంట్‌లో టైప్ చేయించిన పాత వర్డ్ ఫైళ్లు, అన్నీ లాప్‌టాప్‌లో ఎక్కడెక్కడో ఉన్నాయి. కావాల్సినప్పుడు ఏదీ దొరకట్లేదు. మా అబ్బాయి నోషన్ అంటాడు, ఇంకొకాయన అబ్సిడియన్ అన్నారు. ఏది పెట్టుకోవాలి?

జవాబు: సార్, మీరు పోగేసినవాటిలో కొన్ని ఇంకెవరి దగ్గరా లేకపోవచ్చు, అందుకే ముందు చూడాల్సింది రేపు ఆ సాఫ్ట్‌వేర్ మూతపడితే నా రాతలు ఏమైపోతాయి అని. నేను ఒకప్పుడు మూడేళ్ల నోట్సు ఒక ఆన్‌లైన్ సర్వీసులో పెట్టుకున్నా, వాళ్లు ఫ్రీ ప్లాన్ కుదించేసరికి బయటకి తీసుకుందామని చూస్తే ఫోటోలు ఒకచోట, వాటి కింద రాసుకున్న మాటలు ఇంకోచోట వచ్చి పడ్డాయి, ఏది దేనిదో కలుపుకోడానికి ఎండాకాలం అంతా పట్టింది.

నోషన్ బాగుంటుంది, కానీ అసలు కాపీ వాళ్ల సర్వర్లో ఉంటుంది. అబ్సిడియన్ మీరు చూపించిన ఫోల్డర్లోనే ఒక్కో నోటుని మామూలు టెక్స్ట్ ఫైలుగా పెడుతుంది, రేపు అబ్సిడియన్‌ని తీసేసినా ఆ ఫైళ్లు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. డబ్బులు కట్టక్కర్లేదు, వాళ్ల సింక్ (ఫోన్లో, లాప్‌టాప్‌లో ఒకే నోట్సు ఉండేలా చూసే సర్వీసు) కావాలంటేనే కట్టాలి. ఓపెన్ సోర్సే, అంటే కోడ్ ఎవరైనా చూడగలిగేదే కావాలంటే జాప్లిన్ ఉంది, అయితే అది డేటాబేస్‌లో దాస్తుంది, ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే టెక్స్ట్ వస్తుంది. మీకైతే అబ్సిడియనే చెప్తా.

'1908 మూసీ వరద' అని ఒక నోటు తెరవండి. సెప్టెంబర్ 28 సంగతులు, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో జనం ఎక్కి ప్రాణాలు కాపాడుకున్న చింతచెట్టు ఫోటో, దాని కింద ఏ పేపర్, ఏ తేదీ, అన్నీ అందులోనే. రాస్తూ రాస్తూ ఉస్మాన్ సాగర్ అన్న మాట వస్తే అటు రెండు ఇటు రెండు స్క్వేర్ బ్రాకెట్లు పెట్టండి, అది లింకు అయిపోతుంది, నొక్కితే కొత్త నోటు, అక్కడ 1920లో పూర్తయిందని రాసుకుంటారు. ఆర్నెల్ల తర్వాత ఆ నోటు తెరిచి బ్యాక్‌లింక్స్ చూస్తే దాని ప్రస్తావన ఎక్కడెక్కడ ఉందో మొత్తం కనిపిస్తుంది, మీలాంటివాళ్లకి అసలు లాభం ఇదే. ఒకటి, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డులో బ్రాకెట్ కీ కొడితే 'డ' పడుతుంది, అప్పుడు ఇంగ్లిష్‌కి మార్చుకోండి.

అను ఫైళ్లే పెద్ద పని. తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, అందుకే మూసీ అని వెతికితే ఏ సాఫ్ట్‌వేర్‌కీ దొరకదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్ తెలుగుగా గుర్తుపట్టే అక్షరాల్లోకి మార్చి, ఒత్తులు సరిగ్గా వచ్చాయో లేదో పేజీ పేజీ చూసుకోవాలి, ఓపిక కావాలి. స్కాన్ పీడీఎఫ్ కూడా బొమ్మే, ఒక్కోదానికి ఏ పేజీలో ఏముందో నాలుగు లైన్ల నోటు రాస్తే అది దొరుకుతుంది. వెతికేటప్పుడు జలాశయం అని పూర్తిగా కొట్టకండి, 'జలాశయ' దగ్గర ఆపితే జలాశయాలు, జలాశయంలో అన్నీ వస్తాయి.

అన్నీ ఒకేసారి ఎక్కించాలని కూర్చోకండి, ఈ వారం పది కటింగులు చాలు. పాత ఫైళ్లు మాత్రం డిలీట్ చేయొద్దు. వారానికోసారి ఫోల్డర్ మొత్తం రెండు పెన్‌డ్రైవుల్లోకి కాపీ చేసి, ఒకటి మీ దగ్గర, రెండోది వేరే ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంచండి.