పంటు చిన్నది, సరుకు పెద్దది

ప్రశ్న: మా పిన్ని కొడుక్కి తొమ్మిదేళ్లు. డుషేన్ కండర క్షీణత అన్నారు. వైరస్‌లో కండ ప్రొటీన్ జన్యువు పెట్టి ఒంట్లోకి పంపుతారని చదివాను. మంచి జన్యువు మొత్తం ఎందుకు పంపరు? ఆ వైరస్ ఇంట్లోవాళ్లకి అంటుకోదా?
– బీఎస్సీ విద్యార్థిని, రాజోలు

జవాబు: రెండోది ముందు చెప్పేస్తాను, మీ పిన్నికి టెన్షన్ తగ్గుతుంది. జబ్బులా అంటుకోదమ్మా. ఎక్కువగా వాడేది ఏఏవీ అనే బుల్లి వైరస్. 1965లో అడినోవైరస్ నమూనాల్లో కలిసి కనబడింది. ఇంకో వైరస్ తోడు లేనిదే అది పెరగలేదు. పైగా దాని సొంత జన్యువులు తీసేసే వాడతారు.

అసలు చిక్కు నీ మొదటి ప్రశ్నలోనే ఉంది. నువ్వు చదివిన ఆ కండ ప్రొటీన్ పేరు డిస్ట్రోఫిన్. దాని జన్యువు దాదాపు 22 లక్షల డీఎన్ఏ అక్షరాల పొడవు, అందులో పనికొచ్చే ముక్కలు, అంటే ఎక్సాన్లు, 79. వాటి మధ్య ఉండే ఇంట్రాన్లన్నీ తీసేసి ప్రొటీన్‌కి కావలసింది మాత్రమే ఉంచినా 11 వేలు దాటుతుంది. ఏఏవీలో పట్టేది 4,700 దాకా. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటుకి ఉన్నట్టే దీనికీ ఓ హద్దుంది, బతిమాలితే పెరగదు.

అందుకని నరికి పంపుతున్నారు. నరకవచ్చని నేర్పింది మాత్రం ఓ రోగి. 1990లో వెలువడిన ఓ పరిశోధనలో, డిస్ట్రోఫిన్‌లో 46 శాతం లేని మనిషి 61 ఏళ్ల వయసులో కూడా నడుస్తున్నాడు! ఈ ప్రొటీన్ ఒక కొస కండ కణం లోపలి యాక్టిన్ పోగుల్ని, ఇంకో కొస వైపు భాగం కణపు పొరని పట్టుకుంటాయి. మధ్యలో ఒకేలాంటి ముడులు 24. పట్టు భాగాలు ఉంచి, ముడులు నాలుగైదు మిగిల్చితే మైక్రోడిస్ట్రోఫిన్. దాని ముందు క్రియాటిన్ కైనేజ్ జన్యువు నుంచి తీసిన ప్రమోటర్ (జన్యువుని ఆన్ చేసే స్విచ్చు లాంటిది) పెడతారు, ప్రొటీన్ ముఖ్యంగా కండల్లోనే తయారవ్వాలని. తమ్ముడి రక్తపరీక్షలో సీపీకే వేలల్లో ఉండుంటుంది చూడు, ఆ ఎంజైమే ఇది.

వేరే వైరస్‌లు లేవా అంటావేమో. లెంటీవైరస్‌లో ఎనిమిది వేల దాకా పడుతుంది కానీ అది కణం డీఎన్ఏలోకే చొరబడుతుంది. ల్యాబ్ గిన్నెలో పెంచే కండ కణాలకి బాగుంటుంది. లోపలి జన్యువులన్నీ తీసేసిన అడినోవైరస్‌లో ఆ 11 వేల పైచిలుకూ పడుతుంది, కానీ ఒళ్లే దాని మీద తిరగబడుతుంది.

ఎలుకల్లో బాగా పనిచేసిందని మనుషుల్లో అంతే అనుకోకు. 2023లో అమెరికాలో అనుమతి వచ్చిన మైక్రోడిస్ట్రోఫిన్ మందు ఎలెవిడిస్ అప్పటి ధర 32 లక్షల డాలర్లు. ఆ ఏడాదే ఓ పెద్ద ట్రయల్‌లో అది ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. 2025లో, నడవలేని దశలో ఉండి ఈ మందు తీసుకున్న ఇద్దరు కుర్రాళ్లు కాలేయం దెబ్బతిని చనిపోయారు. ఒకసారి ఇచ్చాక ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి, రెండో డోసు కుదరదు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో నయం చేస్తామని యూట్యూబ్‌లో ఊదరగొట్టేవాళ్లకి మాత్రం పైసా ఇవ్వద్దని పిన్నికి చెప్పు.

తమ్ముడి జన్యు పరీక్ష రిపోర్టులో ఏ ఎక్సాన్ పోయిందో చూడండి. ఏ మందు గురించి అడగాలన్నా అదే ఆధారం. పిన్నికీ పరీక్ష చేయించండి. ఆవిడ ఎక్స్ క్రోమోజోమ్‌లో ఆ లోపం ఉందని తేలితే మీ అమ్మ కూడా చేయించుకోవాలి. అమ్మకీ ఉంటే, పెళ్లి మాటలు మొదలవ్వకముందే నువ్వూ.