పర్యావరణ ఉద్యమాలు అభివృద్ధికి అడ్డమా?

"పర్యావరణ ఉద్యమకారుల మాట వింటే ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతుందా?" అని అడిగారు. కూలదు. కానీ దీని గురించి గట్టిగా వాదించేవాళ్లలో చాలామంది ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వెళ్లి ఉండరని నా అనుమానం. నేను సిమెంట్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చాలాకాలం పనిచేశాను కాబట్టి నా గోడు కాస్త వినండి.

ఒకరోజు పొద్దున్నే కుర్రకారు కొందరు వచ్చి మా గేటుకు అడ్డంగా కూర్చున్నారు. వెంటనే కిల్న్, అంటే సున్నపురాయిని కాల్చే గొట్టం లాంటి తిరిగే కొలిమి, ఆపాలట. లోపల 1,450 డిగ్రీల వేడి. ఉన్నపళంగా చల్లారిస్తే లోపలి ఇటుకల లైనింగ్ పగిలిపోతుంది, తిప్పకుండా వదిలేస్తే అంత పెద్ద గొట్టం తన బరువుకే వంగిపోతుంది. మా షిఫ్ట్ ఇన్‌చార్జ్ బయటికెళ్లి ఇదంతా చెబుతుంటే ఒకమ్మాయి శ్రద్ధగా రాసుకుంది. "బొగ్గు మానేసి కరెంటుతో కాల్చొచ్చు కదా సార్?" అని అడిగింది. మంచి ప్రశ్నే, కానీ దాంతో సగం సమస్య కూడా తీరదు. సిమెంట్ తయారీలో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా సున్నపురాయిలోంచే వస్తుంది. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని దేనితో కాల్చినా 44 కిలోలు గాలిలో కలుస్తాయి. ఆ లెక్క వినేసరికి ఆ అమ్మాయి రాయడం ఆపేసింది.

ఈలోపు లోడింగ్ కూలీలు బయటే నిలబడిపోయారు. వాళ్లకు బస్తాకింత అని లెక్క. లారీ కదలకపోతే ఆ రోజు చేతికి చిల్లిగవ్వ రాదు. వాళ్లలో ఒక పెద్దాయన ముందుకొచ్చి "ఇవాళ్టి కూలి ఎవరిస్తారమ్మా?" అన్నాడు. ఆ పిల్లలు నోరెత్తలేదు. పక్కనే ఉన్న మా మేనేజరూ నోరెత్తలేదు. సాయంత్రం పోలీసులొచ్చి గేటు ఖాళీ చేయించారు. నా జీతం రూపాయి తగ్గలేదు, మేనేజరుదీ తగ్గలేదు.

అసలు గొడవంతా ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్న దగ్గరే ఉంది. 2018లో ఫ్రాన్స్‌లో పర్యావరణం కోసమని ఇంధన పన్ను పెంచబోతే, కారు లేనిదే పనికి వెళ్లలేని జనం పసుపు చొక్కాలు వేసుకుని రోడ్డెక్కారు. చివరికి ఆ పెంపును వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది స్పెయిన్‌లో బొగ్గు గనులు చాలావరకు మూసేస్తూ ముందే కార్మిక సంఘాలతో కూర్చుని మాట్లాడారు. ముందస్తు పింఛన్లు, కొత్త పనులకు శిక్షణ, ఆ ప్రాంతాలకు 25 కోట్ల యూరోలు. సంఘాలు సంతకం పెట్టాయి.

ఉద్గారాలు తగ్గిస్తే వృద్ధి ఆగిపోతుందన్న మాట కూడా నేను నమ్మను. బ్రిటన్‌లో 1990తో పోలిస్తే ఉద్గారాలు దాదాపు సగమయ్యాయి, ఆర్థిక వ్యవస్థ మాత్రం బాగా పెరిగింది. చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని 2024 సెప్టెంబరులో మూసేశారు. "వస్తువులు వేరే దేశాల్లో చేయించుకుంటున్నారుగా" అంటారు. నిజమే, కానీ ఆ లెక్క కలిపినా తగ్గుదల కనిపిస్తూనే ఉంది.

ఇంకో విషయం, 2022లో లండన్‌లో చమురు వెలికితీత ఆపాలంటూ ఉద్యమకారులు చిత్రకారుడు వాన్ గో గీసిన పొద్దుతిరుగుడు పూల బొమ్మ మీద టమాటా సూప్ పోశారు. అద్దం ఉండబట్టి బొమ్మకేం కాలేదు, చట్రం పాడైంది. చమురు కంపెనీలకు ఆ మాత్రం కూడా కాలేదు. ఇలాంటివి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అంతకంటే మండేది కంపెనీల మాటలకు. కొత్త నిబంధన ఏదొచ్చినా "ఉద్యోగాలు పోతాయి" అని గగ్గోలు పెడతారు. మా ఫ్యాక్టరీలో ఆటోమేటిక్ లోడర్లు పెట్టి కూలీల్లో చాలామందిని ఇంటికి పంపినప్పుడు ఆ బాధ ఎవరికీ కనిపించలేదు. పైగా ఆ ఏడాది రిపోర్టు నిండా మొక్కలు నాటుతున్న ఫొటోలే.

చేయాలనుకుంటే మార్గాలున్నాయి. కిల్న్‌లో కాల్చి తీసే క్లింకర్ తగ్గించి, ఇనుము తయారీలో మిగిలే స్లాగ్, బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద ఫ్లైయాష్ కలిపితే ఉద్గారాలూ తగ్గుతాయి, ఖర్చూ తగ్గుతుంది. ఆ శాంపిళ్లు నేనే పరీక్షించేవాణ్ని. మొదట్లో గట్టిపడటం కాస్త నెమ్మదే గానీ 28 రోజులకు బలం బాగానే వచ్చేది. అయినా కొనేవాళ్లు రంగు తేడాగా ఉందని వంకలు పెట్టేవారు, ఇంజనీర్లు టెండర్లలో పాత రకమే కావాలని రాసేవారు. ధర్నా చేయాలనుకునే పిల్లలు ఆ టెండర్లు రాసే ఆఫీసుల ముందు కూర్చుంటే నేనూ వచ్చి కూర్చుంటాను.