పాఠకుల ప్రశ్నలు: చికెన్, యాంటీబయాటిక్‌లు, మొండి బ్యాక్టీరియా

ప్రశ్న: చికెన్‌ను పసుపు, ఉప్పు, నిమ్మరసంతో మూడుసార్లు కడిగి బాగా ఉడికించే తింటాం. అయినా యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా ఒంట్లోకి చేరుతుందంటున్నారు. ఉడికితే చావదా?
– ఒక గృహిణి, ఏలూరు

జవాబు: చస్తుంది. మందుకు లొంగనిది వేడికీ లొంగదని కాదు. ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాటితే సాల్మొనెల్లా, ఈ.కోలై అనే బ్యాక్టీరియాలు రెండూ పోతాయి. మరిగే పులుసులో ఇది తేలికే. గ్రిల్ చేసిన లెగ్‌పీసులే పైన మాడినా ఎముక దగ్గర పచ్చిగా మిగులుతాయి.

చిక్కంతా పొయ్యి మీద పెట్టకముందే. నిమ్మరసం నీచు వాసన తీస్తుందేమో గానీ బ్యాక్టీరియాను చంపుతుందని నమ్మలేం. కుళాయి కింద కడిగితే తుంపరలు గట్టు మీద, పక్కనున్న గిన్నెల్లో పడతాయి. చికెన్ కోసిన కత్తితోనే బిర్యానీలోకి ఉల్లిపాయ చక్రాలు తరుగుతారు. చికెన్ ఉడుకుతుంది, ఉల్లిపాయ ఉడకదు కదా! అందుకే పచ్చిగా తినేవి ముందు తరిగి పక్కన పెట్టండి. కడగకపోతే మనసొప్పదంటే గిన్నెలో నీళ్లు పోసి ముంచి, మెల్లగా వంపేసి, సింకును సబ్బుతో తోమండి. మసాలా పట్టించిన చికెన్‌కు మూతపెట్టి ఫ్రిజ్‌లో అడుగు అరలోనే ఉంచండి.

అలా ప్రాణంతో పేగుల్లోకి చేరిన ఈ.కోలై జబ్బు చేయకపోవచ్చు. కానీ మందుకు లొంగకుండా చేసే నిరోధక జన్యువులు చాలాసార్లు దాని క్రోమోజోము మీద కాక, ప్లాస్మిడ్ అనే విడి గుండ్రటి డీఎన్‌ఏ మీద ఉంటాయి. ఆ ఈ.కోలై సన్నటి పోగు చాచి పక్క బ్యాక్టీరియాను దగ్గరకు లాక్కుని, ప్లాస్మిడ్‌లోని రెండు పేటల్లో ఒకదాన్ని అందులోకి పంపుతుంది. జత పేట రెండుచోట్లా కొత్తగా తయారవుతుంది, కాబట్టి ఇచ్చినదానికి నష్టమేమీ లేదు. పుచ్చుకునేది అదే జాతిది కానక్కర్లేదు, పేగుల్లో ఉండే క్లెబ్సియెల్లా అనే మరో బ్యాక్టీరియా కావచ్చు. రేపు ఆ క్లెబ్సియెల్లా మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ తెస్తే మామూలు మందులు పనిచేయవు.

ప్రశ్న: మా ఫారంలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ మానేశాం. అమ్మకానికి ముందు మందులు ఆపాల్సిన గడువూ పాటిస్తున్నాం. అయినా నిరోధకత ఎందుకు పోదు?
– ఒక కోళ్ల రైతు, షాద్‌నగర్

జవాబు: ఆ గడువు మాంసంలో మందు అవశేషం తగ్గడానికి. కోడి పేగుల్లోని బ్యాక్టీరియా దానివల్ల మారదు. కొలిస్టిన్ మానడం మంచిపనే. ప్లాస్మిడ్ మీద ప్రయాణించే ఎంసీఆర్-1 అనే కొలిస్టిన్ నిరోధక జన్యువు చైనాలో 2015లో బయటపడింది. అక్కడ 2017లో మేతలో ఆ మందు ఆపాక పందుల్లో ఈ జన్యువు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. మన కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో పశువులకు, కోళ్లకు, ఆక్వాకు (చేపలు, రొయ్యల సాగుకు) కొలిస్టిన్‌ను నిషేధించింది.

ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందుల నిరోధక జన్యువులు పక్కపక్కనే ఉండొచ్చు. అప్పుడు మీరు టెట్రాసైక్లిన్ అనే ఒక్క యాంటీబయాటిక్ వాడినా మిగతావన్నీ దానితోపాటే నిలుస్తాయి. మేతలో రాగి, జింకు మోతాదు మించినా ఇదే జరగొచ్చు. వాటిని తట్టుకునే జన్యువులూ కొన్నిసార్లు అదే ప్లాస్మిడ్ మీద ఉంటాయి మరి.

పాత ఊక మీదే కొత్త బ్యాచ్ దింపకండి. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య నీటి పైపుల లోపలి జిగురు పొరను వదిలించండి. పచ్చి లిట్టర్‌ను (రెట్టలు కలిసిన ఊకను) కొత్తిమీర మడికి వేయకండి. దాన్ని బారుగా కుప్పపోసి, లోపల 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు, ఆలోగా ఐదుసార్లు తిరగేస్తే బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది. జన్యువుల ఆనవాళ్లు కొన్ని అప్పటికీ మిగులుతాయి.